మసిగుడ్డ అక్కర్లేని చెయ్యి

(వంటింట్లో సైన్సు టీచరు కూతురు, హోటల్లో వంటమాస్టరుగా చేసి మానేసిన తండ్రి. స్నానాలగదిలో తల్లి, కూతురి పసిపాప.)

"ముట్టుకోకు నాన్నా, ప్రయోగం పాడవుతుంది."

"ప్రయోగమా? మరిగే నీళ్లలో మూడు గరిటెలు నిలబెట్టి, వాటి నెత్తిన వెన్న రాసి, వెన్నకి బఠాణీ గింజలు అంటించావు. నా హోటల్లో ఎవడైనా ఇలా చేస్తే గరిటె తిరగేసేవాణ్ణి."

"రేపు క్లాసులో చూపించాలి. ఇది స్టీలు, ఇది చెక్క, ఇది ప్లాస్టిక్. ముందు ఏ గింజ పడుతుంది?"

"స్టీలుది. దీనికి చదువు కూడానా?"

"అదిగో, పడింది! స్టీలు ఉష్ణవాహకం. వరసలో నిలబడి ఇటుకలు అందించుకున్నట్టు, అడుగున తగిలిన వేడిని పైదాకా అందించేస్తుంది. చెక్క ఉష్ణబంధకం. అంత తేలిగ్గా పోనివ్వదు."

"మీ మేనత్తలాగా. ఏది అందినా అక్కడే."

"అత్తయ్యెందుకు మధ్యలో? అందుకే పెనాలకి చెక్క పిడి పెడతారు."

"చేతకానివాళ్లకి పెడతారు. హోటల్లో అందరికీ మసిగుడ్డ కావాలి. నేను ఉత్త చేత్తో దించేవాణ్ణి. ఓనరే వచ్చి నోరు తెరుచుకుని చూసేవాడు."

"వెయ్యిసార్లు చెప్పావులే. చురుక్కుమనేది కాదా?"

"మొదట్లో అనేది. ఈమధ్య అదీ లేదు. చెయ్యి పండిపోయింది."

"ఏమండీ! తొట్టిలో నీళ్ల వేడి సరిపోయిందా? పాప బట్టలు విప్పుతున్నా!"

"చెయ్యి పెట్టి చూశాలేవే! గోరువెచ్చగా ఉన్నాయి!"

"అమ్మ మరీను! తనే చూసుకోవచ్చుగా?"

"ఈ ఇంట్లో నీళ్లు చూసేది నేనే. నీకూ నేనే చూశాను. మీ అమ్మ నా చేతిని నమ్మినట్టు నన్ను కూడా నమ్మి ఉంటే ఎంత బాగుండేదో!"

"సరే, ఓ కాలు గచ్చు మీద, ఓ కాలు చాప మీద పెట్టు. ఏది చల్లగా ఉంది?"

"రెండూ ఒకటే."

"ఒకటే కాదు నాన్నా. గచ్చు కాలి వేడిని లాగేసుకుంటుంది, అదే చల్లగా అనిపించాలి."

"నాకనిపించడం లేదు. మీ పుస్తకం మార్చమను."

"చెప్పులేసుకున్నావా ఏంటి?"

"చెప్పులా! ఒకటి మొన్న వీధిలో ఊడిపోయింది. పక్కింటాయన వెనకనుంచి కేకేసేదాకా చూసుకోనేలేదు. నవ్వుతావేం?"

"నవ్వక? కాలి చెప్పు ఊడితే తెలీదా?"

"ఏదో ఆలోచనలో ఉన్నాను."

"షుగరు మాత్ర వేసుకున్నావా?"

"ఆ ప్లాస్టిక్ మీది గింజ ఇంకా పడలేదే?"

"మాట మార్చకు. డాక్టరేమన్నాడు?"

"ఆయనకేం పని? సూదితో పాదాలు పొడిచి, తెలుస్తోందా, తెలుస్తోందా అంటాడు. తెలుస్తోందని చెప్పి వచ్చేశా."

"తెలిసిందా మరి?"

"తెలుస్తోందని చెప్పానని చెప్పాగా."

"నాన్నా..."

"ఉండు, ముందు ఈ స్టీలు గరిటె తీసేస్తా."

"గుడ్డతో పట్టుకో! అంత కిందకి, నీళ్ల దగ్గర... నాన్నా, వదులు!"

"ఎందుకా అరుపు? ఇది వేడెక్కనే లేదు. గింజెలా పడిందో ఏమో. స్టీలులో ఏదో కల్తీ ఉంది."

"వేడెక్కలేదా? ఇలా... అబ్బా! కాలిపోతోంది! ఏవీ, నీ వేళ్లు చూపించు."

"వేళ్లకేమైంది?"

"కందిపోయాయి. చూడు, ఇక్కడ బొబ్బ లేస్తోంది."

"ఏదీ? అవును... ఇదెప్పుడు లేచింది?"

"మంట లేదా?"

"చెప్పాగా, చెయ్యి పండిపోయిందని."

"పండిపోలేదు నాన్నా! ఆగు. పాప నీళ్లు ఈ చేత్తోనే చూశావా?"

"ఇంకే చేత్తో చూస్తానే? ఎప్పుడూ ఈ..."

"అమ్మా! పాపని తొట్టిలో దించకు! నాన్న చెయ్యి పెట్టి చూశాడు!"