సర్కారు దగ్గర జమ

అలాక్కాదమ్మా రోహిణీ, కంప్యూటర్లో ఇంకోసారి సరిగ్గా చూడు. డబ్బు కనిపిత్తందా నేదా? కనిపిత్తంది కదా! ఏ సాలుకా సాలు నా పేరు మీదే ఉందని నువ్వే అన్నావు. ఉన్న డబ్బు రాదంటే ఏటమ్మా అర్థం?

టైమ్ నికల్ గయానా? గడువు దాటిపోయిందా? మావయ్యా అని తెలుగులో పిలిచి, పీక కొయ్యడం మాత్రం హిందీలో కోత్తావేటే తల్లీ! మీ నాన్న నారాయణమూర్తీ, నేనూ ఒకే బండిలో టాటానగర్‌లో దిగినోళ్ళం. నీకు దండవెడతాను, ఏదో దారి చూడు.

నాకేటి తెలుసు? గమ్హరియా ఫ్యాక్టరీల్లో రంగులేసుకునీవోళ్ళం. బిల్లు పాసయినప్పుడల్లా కొంత తెగి వచ్చీది. ఇదేటి సారూ అంటే, టీడీఎస్, సర్కారుకి జమ, వాపస్ వత్తాది అన్నాడు ఆఫీసు బాబు. జమ అన్నాడమ్మా! పర్మినెంటోళ్ళకి పీఎఫ్ అలాగే కదా తెగుతాది? రిటైరయ్యీదాకా ఆళ్ళు ముట్టుకుంటారేటి? మనకీ ఓ పీఎఫ్ వచ్చిందిరా అని ఆ రోజు గేంగందరికీ లడ్డూలు పంచేను. నవ్వకు.

నా ఒక్కడిదీ కాదు తల్లీ ఆ డబ్బు. బిల్లులో తెగిందంతా అందరి కూలిలోంచీ తలా కొంచెం తీసీవోణ్ణి. తియ్యొద్దు మావా, ముట్టుకుంటే కరిగిపోద్ది, ఎవడికైనా ఆపదొత్తే తీద్దాం అనీవోడు మా గేంగులో చినబాబు. చివరికి ఆపద ఆడికే వచ్చింది. సిద్ధగోరాలో మేడకి రంగేత్తా నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. రాడ్డు వెయ్యాలి, ముందు డబ్బు కట్టాలి అంటన్నారు ఆస్పత్రిలో.

తెగింది తిరిగి రావాలంటే ఏటేటా రిటర్ను వెయ్యాలని నాకెవడు చెప్పేడు? పన్ను కట్టీంత సంపాదనే నేదు కదా, నాకెందుకది? పన్ను పడనోడు ఏటేటా ఎల్లి, బాబూ నాకు పన్ను నేదు అని చెప్పుకోవాలా? దొంగతనం చెయ్యనేదని రోజూ ఠాణాకెల్లి చెప్తామేటి?

ఏటీ? ఈ సాలుది వత్తాదా? డిసెంబరు దాటనేదు గనక లేటైనా వెయ్యొచ్చా? హమ్మయ్య! ఎంత?

ఓస్. అంతేనా. అదీ కొన్ని వారాలకా. దాంతో రాడ్డు రాదమ్మా, రాడ్డుకి బిగించీ మేకొకటి వత్తాది.

మిగతా సాళ్ళకి పెద్దాఫీసరుకి అర్జీ పెట్టాలా? ఎందుకు ఆలీసమైందో కారణం రాయాలా? గట్టి కారణమే కావాలా? జొరమొచ్చిందనీ, వరదొచ్చిందనీ నేను రాయించను. నాకు జొరం రానేదు. వరదా రానేదు. నమ్మీసేం అని రాయి తల్లీ. సర్కారు దగ్గరుంటే భద్రంగా ఉంటాదని నమ్మీసేం, అందుకే అడగనేదు అని రాయి. ఏటలా చూత్తావు? అది కారణం కాదా?

పోనీ, అర్జీ పెడితే ఎన్నాళ్ళు? నెలలా? వచ్చినా వత్తాది, నేకపోతే నేదా?

ఆపరేషను ఇవాళేనమ్మా.

నిన్న డాక్టరుకి నేనే మాటిచ్చీసేను, పొద్దున్నే డబ్బు తెత్తానని. ఆడి పెళ్ళాం జోగమ్మ అప్పుకెల్తానంటే నేనే ఆపీసేను. మన డబ్బు మనకుండగా వడ్డీకెందుకే అన్నాను. మత్తిత్తారని రాత్రి నించీ ఆడికి గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వనేదు. ఇందాక నన్ను చూసి, ఆకలేత్తంది మావా, అయినా పర్లేదు, అన్నాడు. నవ్వుతా అన్నాడమ్మా.

ఆపీ తల్లీ, ఇంక టైపు కొట్టకు. ఎల్తాను. ఎల్లి ఏటి చెప్పాలి? లేరా చినబాబూ, ఇంత గంజి తాగీరా, అని చెప్పాలి.

అంతే కదా.