తెలియదని రాసిన చీటీ

అన్నలారా, అక్కలారా,

యూనుస్ మాస్టారు పోయి నేటికి పదకొండు రోజులు. ఆదోని వాళ్లే కాదు, యెమ్మిగనూరు నుంచి, దేవనకొండ నుంచి కూడా వచ్చారు. నేను విలేకరిని. పొగడటం చేతకాదు. జరిగింది చెప్తాను.

ఆయన లెక్కల మాస్టారు. ఏటా శ్రావణమాసంలో ఉరుకుంద జాతరకు పోయి, తప్పిపోయినవాళ్ల గుడారంలో కూర్చునేవారు. పక్కన రేకుపెట్టె. దాన్నిండా చుట్టుపక్కల ఊళ్ల మనుషుల గురించి రాసుకున్న చీటీలు. ఒక చీటీకి ఒకే సంగతి. మనిషికొక నంబరు. ఎందుకు? ఆదోని బజార్లో బడే సాబ్ అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు కాబట్టి.

1978లో ఉచ్చీరమ్మ అనే ముసలామె తప్పిపోయింది. "నా అల్లుడు లక్ష్మప్ప. వాళ్లన్న బసవన్న మగ్గం నేస్తాడు." అంతకుమించి చెప్పలేకపోయింది. ఆమె పేరుతో చీటీ లేదు. కానీ యెమ్మిగనూరులో మగ్గం నేసే బసవన్నకు ఒక చీటీ ఉంది. అతని తమ్ముడు లక్ష్మప్ప అని ఇంకొకటి. లక్ష్మప్ప ఆదోని పత్తిమిల్లులో హమాలీ అని మరొకటి. మూడూ కలిపారు. సాయంత్రానికి ఆమె కూతురింట్లో ఉంది.

అలాంటి మనిషి తప్పు చేయలేదా? చేశారు. 1981లో దేవనకొండ నుంచి హజరా బీ వచ్చింది. ఇల్లు విడిచిపోయిన తమ్ముడు చోటే సాబ్ ఆదోనిలో ఉన్నాడా అని అడిగింది. మాస్టారు పెట్టెంతా వెతికి, "లేడమ్మా" అన్నారు. ఆమె నమ్మింది. వెతకడం మానేసింది.

ఏడాదికి ఆయనకు తట్టింది. నా పెట్టెలో లేకపోతే ఊళ్లో లేనట్టేనా? బస్సెక్కి దేవనకొండ పోయారు. "తెలీదు అనాల్సిన చోట లేడంటినమ్మా. తప్పు నాది" అన్నారు. "ఏడాది పాయె కదప్పా" అని ఆమె తలుపేసుకుంది. తిరిగొచ్చి ఒక చీటీ రాశారు: చోటే సాబ్ ఎక్కడున్నాడో తెలియదు. ఏ కొత్త చీటీ రాసినా దీని పక్కన పెట్టి చూసేవారు.

1987లో కర్నూలులో ఒక కాలేజీవాళ్లు ఆ చీటీలను కంప్యూటరుకెక్కించారు. ప్రోలాగ్ అనే భాష. సంగతులూ, వాటిని కలిపే నియమాలూ ఇస్తే, జవాబు అదే వెతుకుతుంది. మాస్టారు మొదట అడిగిన ప్రశ్న ఏమిటి? చోటే సాబ్ ఆదోనిలో ఉన్నాడా? తెర మీద "లేదు" అని వచ్చింది. అక్కడున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆయన కొట్టలేదు. "నా తప్పు దీనికీ నేర్పినారేమప్పా! దొరక్కపోతే తెలీదు అనమను." ఆ మార్పు చేసేదాకా కుర్చీ వదల్లేదు.

మరుసటేడు దావీదు అనే లారీ డ్రైవరు తల్లిని వెతుక్కుంటూ ఉరుకుంద గుడారానికి వచ్చాడు. ఆదోనిలో తన లారీ మీద పనిచేసే సాబుకు దేవనకొండలో ఒక అక్క ఉందని మాటవరుసకు అన్నాడు. ఎవరైనా వదిలేసే మాట. తెలియదన్న చీటీ దగ్గరున్న మాస్టారు వదల్లేదు. పెన్ను తీశారు.

ఆ సాబు ఇప్పుడు ముందు వరుసలో, అక్క హజరా బీ పక్కన కూర్చున్నాడు. చోటే సాబ్, మొదట నువ్వు లెయ్యప్పా. నీ వెనక మేమంతా లేస్తాం. రెండు నిమిషాలు, ఎవరమూ ఏమీ మాట్లాడవద్దు.