పేర్లు తీసేసినందుకు

గడియారం బొమ్మ గీయమన్నారు, గీశాను. ముళ్ళు పెట్టమన్న చోట పెట్టాను. వంద నుంచి ఏడు చొప్పున తగ్గించుకుంటూ రమ్మన్నారు, మీరు ఆపమనేదాకా తగ్గించుకుంటూనే వచ్చాను. ఇంకా ఏం చేయమంటారు డాక్టరమ్మా? మెట్లెక్కి వచ్చిన ఆయాసం తప్ప నాకు ఏ జబ్బూ లేదు.

లిఫ్టు ఉందని తెలుసు. బాగానే నడుస్తోంది, అదీ చూశాను. కానీ ఆ లిఫ్టుకి బుద్ధులు నేర్పే ప్రోగ్రాం రాసేది మా ఆఫీసే. రాసేవాళ్ళని రోజూ చూస్తున్నదాన్ని, నేను మెట్లే ఎక్కుతాను.

అదిగో, నవ్వారు. మతిపోయిన మనిషి మాటలకి నవ్వు రాదు, జాలి వేస్తుంది. అది కూడా రాసుకోండి ఆ కాగితంలో.

ఎందుకు పంపారో మా మేనేజరు తన ఉత్తరంలో రాశాడుగా, 'మతిమరుపు లక్షణాలు కనిపిస్తున్నాయి' అని. ఎంత మర్యాదగా రాశాడో. ఆ మర్యాద వెనక ఏముందో చెబుతాను. బయట ఇంకా పేషెంట్లు ఉన్నారా? కాస్త కూచోమనండి. నేనూ ఇంతసేపు కూచునే వచ్చాను, ఆ కుర్చీలకి ఏం కాదు.

మా దగ్గర ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చినా ఆ మార్పు పోకుండా దాచే కొట్టు ఒకటి ఉంటుంది. రిపాజిటరీ అంటారు. దాన్ని చూసుకునే పని నాది. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ నాదే. అందులో లక్షల మార్పులుంటాయి. ఫలానా మార్పు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలంటే దారి తెలియాలిగా? అందుకని దానికో పేరు తగిలిస్తాం. బ్రాంచి అనండి, ట్యాగు అనండి, ఏదైనా పేరే. స్టేషన్లో సామాను పెట్టుకుంటే ఇచ్చే టోకెను లాంటిది. మీ పెట్టె ఎక్కడుందో చెబుతుంది, అంతే. అందులో పెట్టె ఉండదు.

మరి టోకెనుకి బరువేముంటుంది అంటారు. ఒకదానికి ఉండదు. జేబులో నాలుగున్నా తెలియదు. నలభై వేలు వేసుకుని నడవండి చూద్దాం.

ఆ కొట్టుని ఎవరైనా 'కొత్త మార్పులేమైనా వచ్చాయా' అని అడిగారనుకోండి. అది ముందు తన దగ్గరున్న పేర్లన్నీ చదువుతుంది. మొదటినుంచి చివరిదాకా. చదవడం అయ్యాకే, 'ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి' అంటుంది. మా పెద్దాడబిడ్డ ఫోను చేసినా అంతే. పుట్టినవాళ్ళ దగ్గర్నుంచి పోయినవాళ్ళ దాకా అందరి సంగతులూ అయ్యాక గానీ ఎందుకు చేసిందో చెప్పదు. ఆవిడ నెలకోసారి చేస్తుంది కాబట్టి భరిస్తున్నాను. మా ఆఫీసులో వందలమంది పొద్దస్తమానం ఆ కొట్టుని కదిలిస్తూనే ఉంటారు.

అన్ని పేర్లు ఎలా పోగయ్యాయంటారా? భయంతోనమ్మా. పని మొదలెట్టేటప్పుడు ప్రతివాళ్ళూ ఒక పేరు పెడతారు. పని అయ్యాక దాన్ని తీసేయాలంటే చెయ్యి రాదు. తీస్తే ఏమవుతుందో. రేపు ఎవరడుగుతారో. ఒకతను రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఒక పేరు పెట్టేవాడు, తెల్లారేలోపు ఎవరైనా చెడగొడతారేమోనని. అతను మానేసి ఎన్నో ఏళ్ళయింది. అతని సాయంత్రాలన్నీ మా దగ్గరే ఉన్నాయి.

ఇంకొకావిడ 'చివరిది' అని ఒకటి పెట్టింది. తర్వాత 'నిజంగా చివరిది'. ఆ తర్వాత 'ఇదే చివరిది ముట్టుకోవద్దు'. వాటిలో వాడుకలోకి వచ్చింది మొదటిదే.

మనుషులు చాలనట్టు, పరీక్షలు చేసే యంత్రం ఒకటి తెచ్చారు. అది పరీక్ష చేసినప్పుడల్లా ఒక పేరు పెట్టేది. పెట్టమని చెప్పినవాడు తీయమని చెప్పలేదు. దానికి మన సంకోచాలేముంటాయి, పెట్టుకుంటూ పోయింది.

దాంతో ఏమైందంటే, మా వాళ్ళు మీట నొక్కి వెళ్ళి కాఫీ తాగి వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి భోజనం చేసి వచ్చేవాళ్ళు. ఆ ఎదురుచూపుల్లోనే ఇద్దరికి పరిచయమై పెళ్ళిదాకా వెళ్ళింది. మేనేజరు దాన్ని కూడా సంస్థ ప్రగతి కింద రాసుకోవడం ఒక్కటే తక్కువ.

నేనేమీ చేతులు ముడుచుకుని కూచోలేదు. ఆ పేర్లన్నీ పేరుకొక ఫైలుగా చెల్లాచెదురుగా పడి ఉండేవి. వాటన్నిటినీ ఒకే ఫైల్లోకి కుదించి సర్దాను. పేర్లు అవే, కానీ వేల సొరుగులు లాగే బదులు ఒక్క సొరుగు లాగితే చాలు. వేగం వచ్చింది. మీటింగులో మేనేజరు నాకోసం చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పుడు ఆగిందో లేదో, ఇప్పుడు హాయిగా ఉంది కదా అని జనం కొత్త పేర్లు పెట్టడం మొదలెట్టారు. ఇంట్లోకి కొత్త బీరువా కొంటే ఏమవుతుందో మీకు తెలియదా?

అప్పుడన్నాను, సర్దడం కాదు, తీసేయాలి అని. ఆ మాట అన్నందుకు కమిటీ వేశారు.

కమిటీకి పెద్ద ఒకాయన. ఆఫీసంతా ఆయన్ని జాగ్రత్తయ్య అంటారు, ఆయన ఎదురుగా తప్ప. కలానికి మూత పెట్టి, పడిందో లేదో మళ్ళీ చూసి, పక్కవాణ్ణి కూడా ఒకసారి చూడమనే మనిషి. ఆయన పెట్టిన మొదటి షరతు, పేరు తీయాలంటే ఆ పేరు పెట్టినవాళ్ళ అనుమతి కావాలని. సగంమంది మానేసి వెళ్ళిపోయారండీ అన్నాను. రాసి అడగమన్నారు. కొందరు లోకంలోనే లేరండీ అన్నాను. కాసేపు ఆలోచించి, వారసులకి హక్కుంటుందేమో లాయరుని కనుక్కుంటానన్నారు. వేళాకోళం అనుకునేరు, నిజంగానే కనుక్కున్నారు.

రెండో షరతు వినండి. తీసేముందు దానికి బ్యాకప్ ఉండాలి. బ్యాకప్ అంటే ఏమిటి? అదే చోటుకి ఇంకో పేరు. ముందు 'పాత' అని చేర్చి. పేరు తీయాలంటే ముందు ఒక పేరు పెట్టాలన్నమాట. పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తీయడానికి కావాలి. అనుమతులు రావు. బ్యాకప్‌లు మాత్రం చకచకా తయారయ్యాయి.

మీకు లెక్క అందింది, మొహంలో తెలుస్తోంది. శుభ్రం చేయకముందు నలభై వేలుండేవి. శుభ్రం చేశాక ఎనభై వేలయ్యాయి. పైవాళ్ళకి మాత్రం 'శుభ్రత పనులు ముమ్మరంగా సాగుతున్నాయి' అని కబురు వెళ్ళింది. అదీ అబద్ధం కాదు, చీపురు ఆగితే కదా.

ఏ ఒకటో రెండో అనుమతి వచ్చినా, వాటిని ఒక్కొక్కటిగా కమిటీ కళ్ళముందు తీయాలి. ఒక్క పేరు తీస్తే నేను కుదించి పెట్టిన ఆ ఫైలంతా మొదటినుంచి మళ్ళీ రాసుకుంటుంది. అందుకని అన్నీ కలిపి ఒకే దెబ్బతో తీద్దాం, ఒక్కసారే రాసుకుంటుంది, క్షణాల్లో పని అని చెప్పాను. జాగ్రత్తయ్యగారు నన్ను స్టవ్ ఆపకుండా ఇంటికి తాళం వేసి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు.

అలాగే ఇంకా ఎన్నాళ్ళు సాగేదో. ఒక ఆసుపత్రిలో లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగడం మానేసింది. ఎక్కేవాళ్ళని మూడుకో ఐదుకో తీసుకెళ్ళి దించుతోంది. ఆపరేషన్ గది ఉన్నది నాలుగులో. తప్పు ఎక్కడుందో మా పిల్లలు కాఫీ చల్లారేలోపు పట్టుకున్నారు, రెండు లైన్లు. దిద్దారు. పంపుదామంటే కొట్టు పేర్లు చదువుతోంది. మానేసినతని సాయంత్రాలన్నీ చదివింది. వాటికి 'పాత' చేర్చి మళ్ళీ చదివింది. అక్కడ వార్డుబాయిలు స్ట్రెచర్లని మెట్ల మీద మోస్తున్నారు. వాళ్ళలో ఒకతను నాతో ఫోన్లో మాట్లాడాడు. తిట్టలేదు. ఇంకా ఎంతమందిని మోయాలో చెబితే దానికి తగ్గట్టు మనుషుల్ని పిలుచుకుంటానన్నాడు. కొట్టు ఇంకా చదువుతూనే ఉందమ్మా.

ఆ మర్నాడు నా సీట్లో కూచుని తీసేశాను. ఇళ్ళల్లో, ఆసుపత్రుల్లో నిజంగా నడుస్తున్న లిఫ్టులకి సంబంధించినవి ఉంచాను. ఆ ఏడాదిలో ఎవరైనా ముట్టుకున్నవి ఉంచాను. మిగతావన్నీ ఒకే దెబ్బతో. దానికి ముందు అందరికీ ఎన్నోసార్లు రాశాను, కావాల్సినవి చెప్పండి అని. ఒక్కరు జవాబిచ్చారు, ఈ ఉత్తరాలు తనకి రాకుండా చేయమని.

బ్యాకప్ పేర్లా? పెట్టలేదు. పెట్టినవి కూడా తీసేశాను.

అంతా పోయిందా అంటారా? పోలేదు. టోకెను పారేస్తే పెట్టె మాయమవుతుందా? పనికొచ్చిన పనంతా అసలు చరిత్రలో ఏనాడో కలిసిపోయింది. ఎక్కడా కలపకుండా వదిలేసినవి మాత్రం, పేరు పోయాక కొన్నాళ్ళకి ఊడ్చుకుపోతాయి. ఊడ్చుకుపోయాయి. ఇంతవరకూ ఒక్కరూ వచ్చి నాది ఏదీ అని అడగలేదు. మీట నొక్కి అలవాటుగా లేచి నాలుగడుగులు వేసినవాళ్ళు, తిరిగి చూస్తే పని అయిపోయి ఉంది. ఒకరిద్దరికి కోపం వచ్చింది, కాఫీకి సాకు లేకుండా చేశానని.

అసలు కోపం జాగ్రత్తయ్యగారికి. కమిటీ ఉంది, పరిశీలించడానికి పేర్లు లేవు. పైకి ఫిర్యాదు వెళ్ళింది, నేను నియమం ఉల్లంఘించానని.

మేనేజరు నన్ను పిలిచి తలుపు వేశాడు. మంచివాడే, మా అమ్మాయి వయసుంటుంది. 'బ్యాకప్ పెట్టాలన్న సంగతి మీరు మరిచిపోయారు, అంతే కదా మేడం?' అన్నాడు. మరిచిపోలేదన్నాను. 'మరిచిపోయారు మేడం' అన్నాడు మళ్ళీ, ఈసారి బతిమాలుతున్నట్టు.

సంగతి ఇదీ. నాకు మతిమరుపని మీరు రాసిస్తే, పాపం పెద్దావిడ, ఆరోగ్యం బాగాలేక జరిగింది అని పూలగుత్తి చేతిలో పెట్టి, రావలసినవన్నీ ఇచ్చి ఇంటికి పంపుతారు. మతి బాగుందని రాస్తే, తెలిసి చేసినట్టు. విచారణ పెట్టి తీసేస్తారు, ఏమీ ఇవ్వరు. మతి ఉంటే నేరం, లేకపోతే సన్మానం. ఇలాంటి చట్టం ఎక్కడైనా విన్నారా? మా ఆయన విన్నట్టున్నారు, వెంటనే ఒప్పుకోమన్నారు. రోజూ కళ్ళజోడు వెతుక్కుంటావుగా, అది చెప్పు డాక్టరుకి, అని సాక్ష్యం కూడా కట్టి పంపారు.

నేనూ ఆ ఉద్దేశంతోనే వచ్చాను. ముళ్ళు తప్పుగా పెట్టాలి, లెక్క మధ్యలో తడబడాలి అని బయట కూచుని అనుకున్నాను కూడా. తీరా మీరు కాగితం ముందు పెట్టేసరికి చెయ్యి నా మాట వినలేదు. బాగా చేయాలని తాపత్రయపడింది, మొదటి పరీక్ష రాస్తున్న పిల్లలాగా.

ఎందుకో చెప్పనా. ఇది మేనేజరుకి తెలియదు. మా ఆయనకీ చెప్పలేదు.

తీసేయాల్సిన వాటిని చూసుకుంటూ వెళ్తుంటే చాలా పాతదొకటి తగిలింది. తెరిచాను. ఒక మేడలో రెండు లిఫ్టులుంటే రెండూ ఒకే పిలుపుకి పరుగెత్తకుండా, ఏది వెళ్తే మంచిదో తేల్చే లెక్క ఉంది అందులో. ఎంత చక్కగా ఉందో. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు. ఎవరో గట్టి పిల్ల, దీన్ని మధ్యలో వదిలేసి ఎక్కడికి పోయిందో అనుకున్నాను. రాసిందెవరా అని చూశాను.

నేనే.

రాసినట్టు గుర్తులేదు డాక్టరమ్మా. ఎందుకు మొదలెట్టానో, ఎందుకు ఆపేశానో గుర్తులేదు. చదివి అర్థం చేసుకోవడానికే నాకు ఒక పూట పట్టింది. అర్థమయ్యాక కూడా, అందులో ఒక మలుపు ఎలా తట్టిందో అంతు చిక్కలేదు. నాకు తట్టినదే నాకు.

దానికి పేరుంది చూడండి, ఇన్నేళ్ళూ భద్రంగా. దానికి బ్యాకప్ కూడా ఉంది, జాగ్రత్తయ్యగారి దయవల్ల. దాచడంలో ఎవరూ లోటు చేయలేదు. అక్కడే కూచుని దాన్ని ఇంకోసారి చదివాను, ఏమైనా జ్ఞాపకం వస్తుందేమోనని. రాలేదు. అప్పుడు తీసేశాను. జాబితాలో అన్నిటికన్నా పైన దాన్నే వేశాను.

వయసు మీద పడితే అందరికీ మామూలేనంటారా? మా ఆయనా అదే అంటారు, నేను పొయ్యి మీద పాలు మరిచిపోయినప్పుడల్లా. ఆయన డాక్టరు కాదు. మీరు అనేముందు కాస్త ఆలోచించి అనండి.

ఆఫీసుకి ఏది రాస్తారో మీ ఇష్టం. బాగుందని రాస్తే ఉద్యోగం పోతుంది, పోనివ్వండి. బాగాలేదని రాస్తే పూలగుత్తి ఇస్తారు, పుచ్చుకుంటాను. వాళ్ళకి ఏ కాగితమైనా ఒకటే, ఫైల్లో పెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నాకు కాగితం వద్దు. ఆ తలుపు దగ్గరగా వేసి, ఉన్నదేమిటో నాకు చెప్పండి. వాళ్ళకి పనికొచ్చేది కాదు, నాకు నచ్చేదీ కాదు. ఉన్నది.

పెన్ను కింద పెట్టేశారేం?

సరే. ఇంతసేపూ నేనే మాట్లాడాను. చెప్పండి, వింటాను.