పీరా సాహెబ్ గారి బొమ్మల యుద్ధం

అయ్యలారా, అమ్మలారా, ముందు వరసలో కూర్చున్న పీరా సాహెబ్ గారి ఇల్లాలు వలీబీ గారూ,

జగ్గయ్యపేట వాళ్లూ మా నందిగామ వాళ్లూ ఒకే షామియానా కింద తగువు లేకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి. అందుకు పీరా సాహెబ్ గారు పోవలసి వచ్చింది. ఫ్యాన్సీ షాపు పీరా సాహెబ్ గారు ఇక లేరు.

నేను తిరుపతిరావును, నందిగామ జట్టు కెప్టెన్ని. మొదటినుంచీ అనుమానం మనిషిని. డెబ్భై తొమ్మిదిలో ఆయన గాజుల బీరువాలు గోడకు జరిపి, మధ్యలో పెద్ద బల్ల వేసి, దాని మీద వేదాద్రి ఇసుకతో గుట్టలు పోసి, కొండపల్లి ఏనుగులనూ గుర్రాలనూ సైనికులనూ బారులు తీర్చి, బొమ్మల యుద్ధం పోటీ పెడుతున్నాను రమ్మని కబురు చేస్తే నేనేమనుకున్నాను? బొమ్మలు అమ్ముడుపోక ఈ ఎత్తు వేశాడనుకున్నాను.

ఆ ఆటలో సైనికుడు బెత్తెడు నడవాలి, గుర్రం జానెడు దూకాలి, ఎదురుపడితే ఎవరు పడిపోవాలో పాచికలు తేల్చాలి. జానెడంటే ఎవరి జాన? మా కొండలరావుది చేటంత చెయ్యి. వాడి గుర్రం ఒక్క దూకులో గుట్ట దాటింది. పేట వాళ్లు ఊరుకుంటారా? అప్పుడు పీరా సాహెబ్ గారు ఒక కట్టడి చేశారు. మన గుర్రం కదలాలంటే ఎదుటివాడే తన జానతో కొలవాలి. ఇక చూడండి, అందరి వేళ్లూ ముడుచుకుపోయాయి. గుర్రాలు తాబేళ్లయ్యాయి. ఆయన ఒక్కటే అన్నారు: "మీరు ముడిస్తే ఎదుటాయనా ముడుస్తారు. ఎవరో ఒకరు ముందు చెయ్యి చాపండి." ముందు చాపింది ఎవరన్నది ఇప్పటికీ తగువే. సాయంత్రానికి మాత్రం గుర్రాలు పరుగెత్తాయి.

ఎనభై మూడు సంగతి మీకు తెలుసు. షాపులో జూదం ఆడిస్తున్నాడని ఎవరో స్టేషన్లో ఊదారు. పోలీసులు వచ్చారు, పాచికలు చూశారు, ఇంకేం కావాలి? బొమ్మల్ని గోనెసంచిలో పోసి, ఆయన్ని బజారు వెంట నడిపించుకుని తీసుకెళ్లారు. సాయంత్రం వదిలేశారు, నిజమే. కాని ఆ తర్వాత చాన్నాళ్లు ఆడవాళ్లు గాజులు వేయించుకోవడానికి ఆ గడప తొక్కలేదు. పరువే ఆస్తిగా బతికిన మనిషికి ఆ అవమానం ఎందుకు జరగాలి?

ఊదింది ఎవరో ఆయనకు తెలుసు. స్టేషన్లోనే పోలీసులు ఆ పేరు చెప్పారట. నేను అడిగాను. బతిమాలాను. మరుసటి పోటీలో ఆట వదిలేసి ఒక్కొక్కరి ముఖమే చూశాను. మా జట్టును కూడా వదల్లేదు. చివరికి ఒకరోజు ఆయన అన్నారు: "పేరు చెబితే ఆయనతో ఇక ఎవరూ ఆడరండీ తిరుపతిరావుగారూ. ఉన్న ఆటగాణ్ణి పోగొట్టుకోవడానికా నేనీ బల్ల వేసింది?"

ఆటగాడు. విన్నారా? బయటివాడు కాదు, మనలో ఒకడు. ఆ తర్వాత పీరా సాహెబ్ గారు ఏటా ఆ మనిషిని పిలిచారు, టీ ఇచ్చారు, పూర్తిగా చెయ్యి చాపి అతని గుర్రానికి జాన కొలిచారు. ఎవరని వలీబీ గారిని అడిగితే తెలియదన్నారు. నేను నమ్మలేదు, క్షమించాలమ్మా.

ఆ మనిషి ఈ షామియానా కిందే ఉన్నాడు. మీలో కొందరు ఇప్పుడు నా వంకే చూస్తున్నారు, అదీ నాకు తెలుసు.

ఇక అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. తలలు వంచుకుందాం. ఎవరూ పక్కవాడి ముఖం చూడొద్దు, నేనూ చూడను. ఆ మనిషి కూడా లేవాలి. అతనికి ఏడుపు వస్తే ఏడవనివ్వండి.