కళ్లు కనపడట్లేదా?

హలో… ఆఁ, వినిపిస్తోందా? నేనేనమ్మా… మూడో అంతస్తు కళ్ల డాక్టర్ని.

… అవును, ఆ డాక్టర్నే.

… ఆగాగు, పెట్టెయ్యకు తల్లీ! నంబరు వాచ్‌మన్ ఇచ్చాడు. అతన్నేమీ అనకు, నేనే బతిమాలి తీసుకున్నాను.

… నువ్వు కూతురివి కదూ? గొంతు అచ్చం అమ్మదే. అమ్మ ఉందా పక్కన?

… లేదమ్మా, తిట్టడానికి కాదు. ఒట్టు. ఒక్క ఐదు నిమిషాలు…

— పెద్దమ్మా! నేనే. బాగున్నావా… బాగున్నారా?

… నవ్వకు. 'మీరు' అనాలనిపించింది, అన్నాను. … సరే సరే, నువ్వనే అంటాను.

… ఇంకా ఇంటికి రాలేదు. బయటి దేశంలోనే ఉన్నాను. ఇక్కడొక బడిలో ఉచితంగా కంటి ఆపరేషన్లు చేస్తున్నాం. మూడు వారాలైంది. ఇవాళ్టితో ఆఖరు. … ఆ చప్పుడా? బల్లలు జరుపుతున్నారు, సామాన్లు సర్దడానికి.

… కోటా? ఆ కోటు కోసం కాదు పెద్దమ్మా. … నువ్వు క్షమించమనడమేంటి! అయ్యో, నా మాట కాస్త విను…

నా తెల్లకోటు కాలిన రోజు నేను నిన్నేమని అడిగాను? గుర్తుందా?

… పర్వాలేదు, చెప్పు.

… ఊఁ. "కళ్లు కనపడట్లేదా?" అని. మెట్ల కింద, నీ ఇస్త్రీ బల్ల ముందు, నలుగురూ వింటుండగా.

దానికి నువ్వేమన్నావు?

… "కనపడట్లేదమ్మా" అన్నావు.

నేనేమో వెటకారమనుకున్నాను. ఎదురు మాట్లాడుతున్నావనుకున్నాను. … రోజూ అంతమందిని కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగే మాటే అది. నాకు అన్నం పెట్టే మాట. నీ దగ్గరికొచ్చేసరికి తిట్టయింది. నువ్వు జబ్బు చెప్పావు, నేను పొగరన్నాను.

… పైగా ఆ ఆదివారం మా అపార్ట్‌మెంటు మీటింగులో అందరికీ చెప్పాను. ఆవిడకు బట్టలివ్వకండి, తగలబెట్టేస్తుంది అని. … తెలుసా నీకు? … ఔన్లే. నాలుగంతస్తులూ ఒక్కరోజులో మానేస్తే తెలియకుండా ఎలా ఉంటుంది.

… ఇప్పుడెందుకు గుర్తొచ్చిందా?

మొన్న ఒకావిడ వచ్చింది ఇక్కడికి. రొట్టెలు కాల్చి అమ్ముకుంటుందట. ఆపరేషన్ ముందు భయపడుతుంటే చెయ్యి పట్టుకున్నాను. వేళ్ల కొసలన్నీ కాలిన మచ్చలు. ఇదేంటని అడిగించాను. వాళ్ల భాష నాకు రాదుగా, నర్సు మధ్యలో ఉండి చెబుతుంది. "పొయ్యి కనపడదు, తడిమి చూసుకుంటాను" అందట.

… అదే మరి. నీ వేళ్లూ అలాగే ఉండేవి. నువ్వూ ఇస్త్రీపెట్టెని తడుముకునేదానివి. మూడేళ్లు, పెద్దమ్మా! బట్టలు నీ చేతికే ఇచ్చాను, నీ చేతిలోంచే తీసుకున్నాను. ఏమో… మడతలు చూశాను, చెయ్యి చూడలేదు.

ఇక్కడ వీళ్లు నన్ను దేవత అంటున్నారు. చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియట్లేదు నాకు.

… వద్దు, నన్ను ఊరుకోబెట్టకు. నువ్వు ఓదారుస్తుంటే ఇంకా సిగ్గేస్తోంది.

ఒక పని చెయ్యి. ఫోను స్పీకర్లో పెట్టమను అమ్మాయిని. … ఇంట్లో కిటికీ ఉందా? … తలుపైనా సరే. వెలుతురుకి ఎదురుగా కూర్చో. కుడికన్ను అరచేత్తో మూసుకో. నొక్కకు, ఊరికే మూసుకో. … తల్లీ, అమ్మ కంటిముందు నీ చెయ్యి అడ్డంగా ఆడించు. … తెలుస్తోందా పెద్దమ్మా? … నీడలాగానా? ఎటునుంచి ఎటు? … సరిగ్గా చెప్పిందా అమ్మాయ్? … బాగుంది! చాలా బాగుంది. అది శుక్లం. పొర ముదిరిపోయింది, అంతే. తీసేయొచ్చు.

ఇప్పుడు ఎడమది మూసుకో. … వెలుతురు? … ఫోన్లో లైటు వేసి దగ్గర పెట్టి చూడమ్మా. … ఇంకా దగ్గరగా. … ఏమీ లేదా.

… ఆ కన్ను ఎప్పుడైనా నొప్పి పెట్టిందా? … తల పగిలిపోయేంతగా. … వాంతులు కూడా. … ఏడాది దాటిందా?

మరి అప్పుడైనా చూపించుకోవద్దూ! మా ఆస్పత్రి రెండు వీధుల అవతలే కదా…

… ఏంటీ?

… వచ్చావా? నా దగ్గరికా?

… ఎవరు పంపేశారు నిన్ను? చీటీలు రాసే అమ్మాయా?

… నేనా.

… ఏమన్నాను?

… "ఇక్కడికి కూడా వచ్చావా పని అడగడానికి" అన్నానా. … కారు దిగుతూ.

… ఆఁ, ఉన్నాను. లైను పోలేదు.

… నాకు గుర్తు లేదు పెద్దమ్మా. గుర్తు కూడా లేదు!

… సోమవారం దిగుతాను. మంగళవారం పొద్దున్నే కారు పంపిస్తాను, ఎక్కి వచ్చెయ్. … ఎందుకు రావు? … ఆ ఆస్పత్రి మెట్లు ఎక్కనంటావు. … నిజమేలే, నేనైనా ఎక్కను. నేనే మీ సందుకొస్తాను. పరీక్ష అక్కడే చేస్తాను. ఆపరేషన్‌కి మాత్రం తప్పదు, నీ చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్తాను.

… ఇంకెవరు? … పాత సీసాలు ఏరుకునే తాత. … పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ. సూదిలో దారం ఎక్కట్లేదా? … ముసలితనం అనుకుని ఊరుకుంటున్నారా అందరూ? … వేళ్లమీద లెక్కపెట్టకు, అందర్నీ రమ్మను. ముక్కూ మొహం తెలియనిచోట రెండు వందల కళ్లు బాగుచేశాను. మా ఇంటి వెనక సందులో ఎన్నున్నాయో నాకు తెలియదు. … ఒక్కసారికి కాదు. ప్రతి గురువారం వస్తాను.

… ఎవరు? … ఆఁ, చెప్పు తల్లీ, వింటున్నాను.

… లేదు, పేపర్లో వేయించుకోను. ఫొటోలూ ఉండవు. … నమ్మొద్దులే, వచ్చాక చూద్దువుగాని.

… మీటింగులోనా? … తప్పు నాదేనని, అందరి ముందూ?

…

… ఏం లేదు, ఆలోచిస్తున్నాను. … కాదు, తప్పించుకోవడానికి కాదు. … సరే, కాస్త తప్పించుకోవడానికే. ఫోన్లో నీకు చెప్పినంత తేలిక కాదు కదమ్మా. … చెబుతాను. వచ్చే ఆదివారం. నువ్వూ వచ్చి కూర్చో. నేను నసిగితే లేచి అడుగు.

… అమ్మకివ్వు.

— ఆఁ పెద్దమ్మా. … మళ్లీ ఇస్త్రీ బల్ల వేసుకుంటావా! వేసుకుందువుగాని.

… రెండు కళ్లూనా?

… అది… అది నేను వచ్చాక, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. … ఊఁ. … కాదు, ఆగు. ఇప్పుడే చెబుతాను. లేకపోతే నాలుగు రోజులూ నువ్వు ఆశ పెట్టుకుని కూర్చుంటావు.

ఒక్కటే వస్తుంది. ఎడమది. కుడిది రాదు. ఎవరు చేసినా రాదు.

… వయసు వల్ల కాదు. బొగ్గుల పొగ వల్లా కాదు. నీ తప్పు ఇసుమంత కూడా లేదు. కంట్లో ఒత్తిడి పెరిగి ఆ నొప్పితో వచ్చావు చూడు… ఆ రోజు నేను చూసి ఉంటే ఆ కన్ను దక్కేదేమో. దక్కేదే.

…

… పెద్దమ్మా?

… అవును. సరిగ్గానే విన్నావు. నా వల్లే.

…

… ఏదో ఒకటి అను పెద్దమ్మా. తిట్టినా సరే.

… ఊఁ.

… సరే. ఏమీ అనకు. … అమ్మాయి తీసుకుందా ఫోను? తల్లీ, మంగళవారం పొద్దున తొమ్మిదింటికి వస్తాను. మీరు తలుపు తీయకపోయినా గడప ముందు కూర్చుంటాను, నాకేం… హలో?

హలో?