అహ్లోన్‌లో కూడా వానంట

"మామ్మా... సుజాతక్క అక్కడ... ఏటి... సదువుతంది?"

కూకో లచ్చిమీ, సెప్తాను. ఆ ఫోను గోడకి ఆనించి పెట్టు, పక్కింట్లో మీ అమ్మకి ఇనిపించడానికి మాటలు రికార్డవ్వాలన్నావు కదా. మా మనవరాలు ఈ రంగూన్నుంచి ఎల్లి ఐర్లాండులో రేడియో సదువు సదువుతంది. మైకులో మాటాడ్డం, వార్తలు సదవడం, అదీ. దాంతోపాటు ఆల్ల పాత బాస కూడా పెట్టుకుంది, ఐరిష్ బాస. ఆల్లు మాటాడీది ఇంగిలీసే కదా అంటావా? నానూ అదే అన్నాను. కాదంట, సొంత బాస వేరే ఉందంట, ఇల్లల్లో మాటాడీవోరు తగ్గిపోనారంట. మనిల్లల్లో తెలుగు లాగే అనుకో.

సుజాతకి తెలుగు తెలీదా అంటే తెలుసు, నాను తిడితే బేగి తెలుస్తాది! జవాబు మాత్రం బర్మా మాటలోనే. తప్పుపోతే నవ్వుతారని సిగ్గు. ఒక్క ముక్క తెలుగులో అంటాదేమోనని నాను ఇన్నేల్లూ సెవులప్పగించి కూకున్నాను. అంటేనా!

అలాటిది, ఎల్లిన కొన్నాల్లకే ఫోన్లో ఒకటే ఏడుపు. తక్కినోల్లు ఆ బాస సిన్నప్పట్నుంచీ బల్లో సదివినోల్లంట. ఇది నోరిప్పితే ముసిముసి నవ్వులంట. "ఐరిష్ మానేస్తాను, రేడియో ఒక్కటీ సాలు" అంటాది. దాని నాన్న, అదే మా కొడుకు, "మానీ, ఆల్లే మాటాడని బాస నీకెందుకు" అనీసాడు. నాకు ఒల్లు మండిపోయింది. ఫోను లాక్కున్నాను.

నాను పుట్టింది ఈ రంగూన్ పక్కనే, ఇన్సేన్లో కదా, మా అయ్యది రైలు కార్కానాలో పని. పనోల్ల ఇల్ల లైనంతా మన తెలుగోల్లే, బర్మా మాటకి నోరు తిరిగీది కాదు. పెల్లయ్యి ఈ అహ్లోన్ పేటకి వచ్చాక మా అత్త, మహా గడుసుది, చిమిండైంగ్ బజారుకి కూరలమ్మడానికి తీసికెల్లింది. ఆవిడ పద్దతేటంటే, కొత్త కోడలు బేరాలాడకూడదు. ముందర కేకే ఎయ్యాల. "కజూన్ యువే!" అంటే తూటికూరమ్మా అని. బేరం ఆవిడది, కేక నాది. ఎందుకంటావా? మాటాడితే ఎదుటోల్లు ఏటో తిరిగి అడుగుతారు, మనం బెంబేలైపోతాం. కేకనెవులు తిరిగి అడుగుతారు? అరిసీ అరిసీ నోరు తిరిగింది, సిగ్గొదిలిపోయింది. ఆనక బేరాల్లో ఈ డో కాంతమ్మని, అదే కాంతమ్మగారిని, పట్టీవోల్లే లేరు!

అదే సెప్పాను దానికి. "రేడియోలో మాత్రం నిన్నెవులు తిరిగి అడుగుతారే? ముందక్కడ కేకెయ్యి, మాటాడ్డం ఆనక." అది ముక్కు సీదుకుని నవ్వింది.

ఆల్ల కాలేజీలో పిల్లలు నడిపీ రేడియో ఉందంట. దాంట్లో వానా ఎండా కబురు ఐరిష్‌లో సదవడానికి పేరిచ్చింది. మొన్న మద్దేన్నం మా కొడుకు ఫోన్లో పెట్టాడు. ఇక్కడ వాన దంచుతంది, రేకుల మీద ఒకటే మోత, నాను ఫోను సెవికి అదిమీసుకున్నాను. ఒక్క ముక్క అర్దమైతే ఒట్టు. కానీ గొంతు తడబల్లేదే తల్లీ, గడగడా సదివీసింది! అయిపోయింది కాబోలనుకున్నాను. అప్పుడు, ఓలమ్మా, తెలుగులో...

"రంగూన్లో, మా అహ్లోన్‌లో కూడా వానంట. మామ్మా, బయటికెల్లకు, కాలు జారతాది."

ఆ ఊర్లో ఎవులికి తెలిసుంటాది అదేటో? నా ఒక్కదానికే. ఏడిసాను, ఏడవకేటి సేస్తాను. మా కొడుకు నా మొకం సూసాడు, మానీమన్న మాట మల్లీ ఎత్తలేదు.

ఎప్పుడూ బర్మా మాటే ఆడీ నువ్వు కూడా ఇందాక తెలుగులోనే అడిగావు కదే, ఆగి ఆగి... ఇన్నానులే. సల్లగుండు తల్లీ, నీ నోరు సల్లగుండ. ఏదీ, ఆ మాట ఇంకోపాలి అడుగు. గట్టిగా...