తెల్లగా వదిలిన చేను

2001 జూలై 9, సోమవారం ఉదయం శ్రీ వేమూరి శేషగిరి గారు మిషిగన్ రాష్ట్రంలోని మా వెల్‌బ్రిడ్జ్ నగర ప్రణాళికా విభాగంలో ప్లానర్‌గా బాధ్యతలు స్వీకరించారు. పద్నాలుగు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం ఈ జూన్ 30న వారు పదవీ విరమణ చేస్తున్న శుభ తరుణంలో వెలువడుతున్న ఈ సంచికలో తక్కిన పుటలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. "మా అమ్మ కూడా చదవాలి కదా, ఒక్క పేజీ అయినా తెలుగులో పెట్టండి" అని వారి సతీమణి ఉషా గారు ఆదేశించారు. మా ఆఫీసులో తెలుగు రాయగలిగినవారు శేషగిరి గారు కాక మరొక్కరే ఉన్నందున రచయిత ఎంపికలో పోటీ లేకపోయింది.

తెనాలిలో జన్మించి, ఉన్నత విద్యకై 1984లో ఈ దేశానికి వచ్చి, డెట్రాయిట్‌లో ఒక రోడ్ల డిజైన్ కంపెనీలో చిరకాలం పనిచేసిన అనుభవంతో వారు మా విభాగంలో చేరారు. తొలి రెండేళ్ళు ప్రహరీల ఎత్తు, దుకాణాల బోర్డుల సైజు, పార్కింగ్ తగాదాలు వంటి వ్యవహారాలలోనే గడిచాయి. కౌంటర్ దగ్గరికి కోపంగా వచ్చినవారిని కూర్చోబెట్టి చివరిదాకా వినడం వారి పద్ధతి. సగం తగాదాలు ఆ వినడంలోనే చల్లారిపోయేవి.

వారి అసలు సామర్థ్యానికి పరీక్ష 2003లో ఎదురైంది. మా నగరానికి దక్షిణాన మార్ష్ హాలో టౌన్‌షిప్ ఉంది. నగర పరిధిలో చేరని పల్లెసీమ అది. దాని పాలకవర్గం వేరు, పన్నులు వేరు. నగరం ఎప్పటికప్పుడు ఆ భూమిని ముక్కలు ముక్కలుగా కలుపుకోవడం, టౌన్‌షిప్ కోర్టుకెక్కడం ఏనాటినుంచో సాగుతున్న ఆచారం. ఇరుపక్షాల మధ్య మాటల్లేవు, లాయర్లు మాత్రమే ఉన్నారు. ఆ వేసవిలో దక్షిణపు రోడ్డు పొడవునా ఇళ్ళ బావుల నీరు తాగడానికి పనికిరాదని పరీక్షల్లో తేలింది. మా పైపులేమో సరిహద్దు దగ్గరే ఆగిపోయాయి. భూమి నగరంలో కలిస్తేనే నీళ్ళన్నది మా కౌన్సిల్ పట్టు. నీళ్ళ పేరుతో ఏకై వచ్చి మేకై కూర్చుంటారన్నది టౌన్‌షిప్ వారి భయం. పసిపిల్లల పాలలోకి సైతం తల్లులు డబ్బా నీళ్ళు కొని తెచ్చుకుంటున్న ఆ సమయంలో రాజీ కుదిర్చే భారం శేషగిరి గారి మీద పడింది.

పెద్దల గొప్పతనంతోపాటు వారి పొరపాటును కూడా స్మరించుకోవడం అభినందనకు అలంకారమే గనుక, ఆ మొదటి సమావేశపు ముచ్చట ఇక్కడ చెప్పక తప్పదు. 2004 మార్చిలో, మంచు ఇంకా కరగని ఒక సాయంత్రం, వారు ఎంతో శ్రమించి తయారుచేసిన పెద్ద మ్యాపును టౌన్‌షిప్ హాల్లో గోడకు తగిలించారు. కలపవలసిన భూమినంతా నగరం రంగైన పసుపుతో నింపి, రాబోయే వీధులు గీసి, పేర్లు కూడా పెట్టారు. టౌన్‌షిప్ బోర్డు సభ్యురాలు లొరెయిన్ బౌమన్ లేచి మ్యాపు దగ్గరికి నడిచారు. భర్త పోయాక మొక్కజొన్న, సోయా సాగును ఒంటిచేత్తో నడుపుకొస్తున్న పెద్దావిడ ఆమె.

"ఇది మా వంటిల్లు కదూ?" అన్నారు వేలు పెట్టి చూపిస్తూ. "మా వంటింట్లోంచి పోతున్న ఈ వీధి పేరేమిటి?"

"మేపుల్ లేన్" అని శేషగిరి గారు నిజాయితీగా జవాబిచ్చారు. ఇచ్చాక ఆ మాట వారి చెవికే వినబడింది. జనం కోట్లు తొడుక్కుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే ఉషా గారు నవ్వు ఆపుకోలేదు. "వాళ్ళు ఓకే అనకముందే అంతా యెల్లో కొట్టేసి, స్ట్రీట్ నేమ్స్ కూడా పెట్టేశారా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదేనండీ!"

శేషగిరి గారు పెరుగన్నం ముగించి, చేయి కడుక్కుంటూ "నిజమే" అన్నారు. పొరపాటును ఒప్పుకోవడానికి అంత తక్కువ సమయం తీసుకున్న అధికారిని మా విభాగం అంతకుముందు చూడలేదు.

మరుసటి సమావేశానికి వారు రంగులేని మ్యాపు ఒకటి, రంగు పెన్సిళ్ళ పెట్టె ఒకటి పట్టుకెళ్ళారు. "కిందటిసారి నేను గీశాను, అది తప్పు. ఈసారి ఎవరి భూమికి వాళ్ళే రంగు వేయండి. ఇప్పుడే కలుస్తామంటే పసుపు, తరవాత చూద్దామంటే ఆకుపచ్చ, వద్దంటే తెల్లగా వదిలేయండి" అన్నారు. ముందుగా బావి చెడిపోయిన ఇంటి ఇల్లాలు ఒకరు లేచి తన స్థలానికి పసుపు పూశారు. కాసేపటికి హాలంతా ఆ బల్ల మీదికి వంగింది. లొరెయిన్ గారు మాత్రం పెన్సిల్ ముట్టలేదు.

"నాది తెల్లగానే ఉంటుంది."

"ఎన్నాళ్ళు?" అని మా లాయరు అడిగారు.

"నేను అడిగేదాకా."

శేషగిరి గారు ఆ మాటనే తీసుకుని, "యజమాని స్వయంగా అడిగేదాకా ఏ భూమీ నగరంలో కలవదు" అని ఒప్పందానికి మొదటి షరతుగా రాశారు. కొత్తగా వచ్చే పన్నులో కొంత భాగం కొన్నేళ్ళపాటు టౌన్‌షిప్‌కే చెందాలన్నది రెండవది. 2005 అక్టోబరులో ఇరుపక్షాలూ సంతకాలు చేశాయి. మరుసటి వేసవికి దక్షిణపు రోడ్డు ఇళ్ళన్నిటా కుళాయి నీళ్ళు వచ్చాయి.

పైపుల పని చూడడానికి వారు అటు వెళ్ళిన రోజుల్లోనే లొరెయిన్ గారితో మైత్రి కుదిరింది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో తొట్లలో ఉషా గారు పెంచే గోంగూర గుప్పెడైనా అందకముందే చలికి మాడిపోతుందని విని, "మా కొట్టం వెనక ఎండ బాగా పడే మూల ఉంది, వేసుకోండి" అన్నారామె. శేషగిరి గారు చేతులు జోడించి, ప్లానర్ కుర్చీలో ఉన్నంతకాలం ఆ చేలోంచి చిటికెడు మట్టి కూడా పుచ్చుకోకూడదని విన్నవించుకున్నారు. ఏటా వసంతంలో ఆమె అడగడం, వారు కాదనడం ఆనవాయితీ అయింది. "మీ రూల్స్ బానే ఉన్నాయి గానీ, రెండు కట్టల గోంగూర కోసం నోవైలో ఇండియన్ స్టోర్ దాకా డ్రైవ్ చేసేది నేను!" అని ఉషా గారు విసుక్కునేవారు.

2011లో ఆ షరతుకే ముప్పు వచ్చింది. కొత్త కాలనీ కట్టదలచిన బిల్డరు ఒకరికి లొరెయిన్ గారి చేను మధ్యనుంచి తిన్నని రోడ్డు కావలసివచ్చింది. "శేష్, ఒక్క పెద్దావిడ కోసం మ్యాపులో ఇంత కంతా? ఒప్పందం తిరగరాయి" అన్నారు అప్పటి సిటీ మేనేజరు. ఆ నెలలోనే డైరెక్టర్ పదవికి శేషగిరి గారి పేరు పరిశీలనలో ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు, వారికి మరీ బాగా తెలుసు. అయినా కౌన్సిల్ బహిరంగ సభలో వారు లేచి, "ఆ చేను తెల్లగా ఉందన్న ధైర్యంతోనే మిగతావాళ్ళు పసుపు పూశారు. ఇవాళ దాన్ని మనం చెరిపితే, రేపు మన మాట నమ్మి ఎవరూ పెన్సిల్ పట్టరు" అన్నారు. ఒక్క ఓటు తేడాతో రోడ్డు పక్కకు వంగింది. ఆ వంపును మేము నేటికీ శేష్ మలుపు అనే అంటాం. డైరెక్టర్ కుర్చీ మరొకరికి వెళ్ళింది. వారు తమ పాత కుర్చీలోనే, అదే టిఫిన్ డబ్బాతో, ఏ గొణుగుడూ లేకుండా కొనసాగారు. మాకు మాత్రం ఆ అన్యాయం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఈ వ్యాసం సగంలో ఉండగా, మొన్న గురువారం, లొరెయిన్ గారు చేతికర్ర సాయంతో మా కౌంటర్ దగ్గరికి వచ్చారు. చేను కలపమని అడగడానికే వచ్చారనుకుని మేము మ్యాపు తీయబోయాం.

"అది తెల్లగానే ఉంచండి" అన్నారామె. "శేష్, నీ ఆఖరి రోజు ఎప్పుడు?"

"మంగళవారం."

"అయితే బుధవారం పొద్దున నువ్వు ఏ ఆఫీసరువీ కావు. కొట్టం వెనక మూల దున్నించి పెట్టాను."

శేషగిరి గారు అలవాటుగా చేతులు జోడించబోయారు. అంతలోనే ఆ చేతులు దించేశారు. "మరి ఇప్పిస్తారా?" అన్నట్టు నవ్వుతూ నిలబడిపోయారు.

"అలా కుదరదు. షరతు నువ్వు రాసిందే. ఎవరికి కావాలో వాళ్ళే స్వయంగా అడగాలి. అడుగు."

ఎవరినీ ఏదీ అడగని మనిషి, డైరెక్టర్ కుర్చీని కూడా అడగని మనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మా అందరి ఎదుటా అడిగారు: "లొరెయిన్, ఆ మూల మాకు ఇస్తారా?"

నగరానికి ఎంతో భూమిని మర్యాదగా కలిపిన శ్రీ శేషగిరి గారికి, టౌన్‌షిప్ గడ్డ మీద ఆ మూరెడు నేలలో గోంగూర ఏపుగా పెరగాలని, ఉషా గారికి నోవై ప్రయాణాలు తప్పాలని, దంపతులిద్దరూ సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మా విభాగం మనసారా ఆకాంక్షిస్తోంది. వారి స్థానంలోకి వస్తున్న కొత్త ప్లానరుకు మ్యాపు అప్పగించాం. ఆ చేను తెల్లగా ఎందుకుందో ముందే చెప్పాం.